ఇరుకు పట్టాల బోగీలు, మా పెద్దబాపు

మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, మొన్న మంగళవారం సిద్దిపేటలో కన్నుమూశాడు. నారోగేజీ, అంటే ఇరుకు పట్టాల మీద నడిచే గూడ్సు బండ్లకు ఫిట్టరుగా ఎక్కడెక్కడో పనిచేశాడు. రిటైరై ఇంటికి వచ్చినా ఆ బండ్ల ముచ్చట వదల్లేదు. వ్యాగన్లు బాగుచేసే షెడ్డులో ఇవాళ నేను ఉద్యోగం చేస్తున్నానంటే, ఆ పుణ్యం ఆయనదే.

మనం రైలుపెట్టెనే బోగీ అంటాం. ఆయన ఒప్పుకునేవాడు కాదు. పెట్టె కింద ఈ కొసకొకటి, ఆ కొసకొకటి ఉండే నాలుగు చక్రాల బండే ఆయన లెక్కలో బోగీ. అన్నం తింటూ తింటూ కంచంలో పచ్చిమిరపకాయలు పేర్చి పాఠం మొదలుపెట్టేవాడు. మొదట్లో చక్రాలను పెట్టెకే బిగించారట. గట్టి మలుపుల్లో తిరగలేక పట్టాలు దిగేవట. అప్పుడు విడిగా తిరిగే బోగీలు వచ్చాయి. ముందు కట్టె దూలాలవి, తర్వాత ఇనుప పట్టీలను బోల్టులతో బిగించినవి, చివరికి ఒకే పోతగా పోసిన ఉక్కువి.

"బోల్టు బిగించుడు మనిషి మర్చిపోతుండని, బోల్టే లేకుంట చేసిన్రు బిడ్డా," అని నవ్వేవాడు.

"కూర సల్లారుతున్నది, నీ బోగీలు పాడుగాను!" అనేది పెద్దమ్మ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొందరలో ఒక బోగీ లోపలి స్ప్రింగు చూడకుండానే పాసైనట్టు గుర్తు పెట్టేశాను. ఆదివారం ఇంటికొచ్చాక అది మనసును మెలిపెట్టింది. సోమవారం మధ్యాహ్నం ఆ వ్యాగన్ లోడుకు పోతుంది. చెబితే, ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం ఊడుతుందేమోనని భయం. పెద్దబాపుతో అన్నాను.

ఆయన తన పాత రోజుల సంగతి ఎత్తాడు. బోల్టు బోగీల కాలంలో, బిగించిన నట్టు మీద నుంచి పట్టీ మీదికి సుద్దగీత గీసేవారట. నట్టు కదిలితే గీత తెగుతుంది.

"తెగిన గీత చూసిన. బండి లేటైతుందని నట్టు బిగించకుంటనే మల్ల గీత గీసిన. మలుపు కాడ వ్యాగన్ పడ్డది. తప్పు పట్టాలదేనని, పట్టాలు చూసే గ్యాంగుమన్‌ను కొలువులకెల్లి తీసేసిన్రు. నేను నోరు తెరవలే బిడ్డా. మీ పెద్దమ్మకు సుత ఎరుక లేదు."

ఈ మాట ఇక్కడ రాసినందుకు ఆయన కోప్పడడనే అనుకుంటున్నాను.

మర్నాడు నేను వద్దంటున్నా నాతోపాటు మొదటి బస్సు ఎక్కాడు. షెడ్డు గేటు దాకా వచ్చి, "పో, చెప్పు. నేనీడనే ఉంట," అన్నాడు. ఆయన రాకపోయి ఉంటే నేను చెప్పేదాన్ని కాదు.

చెప్పాను. వ్యాగన్‌ను ఆపి చూస్తే స్ప్రింగు విరిగే ఉంది. చీవాట్లు బాగానే పడ్డాయి, ఉద్యోగం నిలిచింది. బయటికొచ్చేసరికి పెద్దబాపు గోడ నీడలో కూర్చుని ఉన్నాడు. ఏమైందని అడగలేదు. సీతాఫలం రెండుగా విప్పి, పెద్ద ముక్క నా చేతిలో పెట్టాడు.