ముంజేతిలో గరగర

మంగళవారం పొద్దున్నే ఆటో వచ్చి మా తమ్ముడి గుమ్మం ముందు ఆగింది. వారానికి మూడుసార్లు వాణ్ని డయాలసిస్‌కు తీసుకెళ్లే ఆటో. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడట. మూడోసారి కొట్టేలోపు మా మరదలు బయటికొచ్చి, "ఇంక అక్కర్నేదు బాబూ, ఎలిపో" అందట. టెక్కలిలో ఉన్న నాకు కబురు చెప్పింది ఆ డ్రైవరే. "మేష్టరమ్మా, మావ రాలేదండి" అన్నాడు ఫోనులో. పోయాడనలేదు, రాలేదన్నాడు. పిల్లల చేత సరైన మాట వాడించడానికి ఉద్యోగమంతా తంటాలు పడ్డదాన్ని. అంతకంటే సరైన మాట నాకూ దొరకలేదు.

మా తమ్ముడు పలాసలో, కాశీబుగ్గ బజారు వెనక సందులో మైక్‌సెట్టు దుకాణం పెట్టుకుని బతికాడు. మాది ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊరు. అక్కడి కిడ్నీ జబ్బు గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. మాకు పేపరు అక్కర్లేదు, వీధిలో నడిస్తే చాలు. చావింటికి మైకు తీసుకెళ్తే వాడు అద్దె పుచ్చుకునేవాడు కాదు. "రేపు మనింటికి ఎవులో తెత్తారు గదప్పా" అనేవాడు నాతో. అప్ప అంటే మా వైపు అక్క. చివరికి ఎవరూ తేలేదు. తేవలసిన మైకు వాడి దుకాణంలోనే ఉంది. తాళం తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

వాడికి లోకంలో శత్రువంటూ ఉంటే అది గరగర. మైకులో గరగర వస్తే తిండి మానేసేవాడు. మైకు హారన్ గొట్టం పైన కట్టి, ఎవరినో ఒకరిని మైకు దగ్గర ఒకటి రెండు మూడు లెక్కపెడుతూ కూర్చోమని, తను నడుచుకుంటూ ఊరి ఆఖరింటి దాకా పోయేవాడు. అక్కడ నిలబడి వినేవాడు. మాట స్పష్టంగా ఉంటే భుజం మీది తువ్వాలు తీసి పైకెత్తేవాడు. లేకపోతే వెనక్కొచ్చి మళ్లీ విప్పేవాడు. "ఆఖరింటి ముసల్దానికి మాట తెలియాల. మైకు పక్కన కూకున్నోడికి మైకెందుకు?" అనేవాడు. బియ్యీడీ చేసిన నాకు ఇంతకంటే మంచి బోధనా సూత్రం ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. ఆ సంగతి వాడితో అనలేదు. అంటే నెత్తికెక్కుతాడని.

ఇక మా మనవరాలు, నా కూతురి కూతురు. విశాఖలో చదువుతుంది, మరో ముగ్గురితో కలిసి మెటల్ అనే సంగీతం వాయిస్తుంది. అందులో గిటారు రంపపు మిల్లులా వినపడుతుంది. నా ఇంట్లో ఒకసారి వాయించింది, రెండోసారి నేను వాయించనివ్వలేదు. అప్పటినుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా తాత దుకాణం వెనక గదిలో చేరేది. విశాఖలో ఎవరో వాడేసిన యాంప్లిఫయర్ పెట్టె కొనుక్కుని అక్కడే పెట్టింది. దాన్ని హెడ్ అంటారట. స్పీకర్లుండే పెట్టె వేరే ఉంటుంది. లోపల పాతకాలపు రేడియోల్లో ఉన్నట్టు వాల్వులు ఉన్నాయి. అవి ఒకదాని వెనక ఒకటి శబ్దాన్ని ఎగదోసి ఎగదోసి చీల్చేస్తాయి. ఆ చీలడం కోసమే ఆ పిల్ల దాన్ని కొనుక్కుంది.

మా తమ్ముడికి ఆ సంగతి తెలియదు. మనవరాలు కాలేజీకి వెళ్లాక స్విచ్చి వేసి విన్నాడు. గరగర. అయ్యో, గుంటను, ఆడపిల్లను మా వైపు అలాగే అంటాం, ఎవడో మోసం చేశాడనుకున్నాడు. ఆ వారం డయాలసిస్ లేని నాలుగు రోజులూ కూర్చుని, నీరసంలోనే ఆ పెట్టె విప్పి, మధ్యలో ఒక వాల్వును తప్పించి, నాలుగు పార్టులు కోసి బాగుచేశాడు. గిటారు తీగ మీటితే గుడి గంటలా మోగేటట్టు చేశాడు.

పిల్ల వచ్చి తీగ మీటింది. మొహం పాలిపోయింది.

"తాతా, ఏం చేశావ్ దీన్ని?"

"బాగు సేసినానే. సూడు, పాలలాగ ఉన్నాది సౌండు."

"ఆ గరగరే నాక్కావాలి తాతా! దానికోసమే కొన్నాను!"

"గరగర కావాలా? గరగర ఎవులికైనా కావాలేటే?"

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే వాడికి తేలికగా ఉండేది. తీసిన ముక్కలు మళ్లీ అతికించబోయాడు గానీ చెయ్యి పట్టు తప్పి, సోల్డరింగ్ ఐరన్ తగిలి బోర్డు కాలింది. ఆ పెట్టె అంతటితో సరి. నాకు ఫోన్ చేసి, "అప్పా, గుంట పెట్టెని సంపీసినాను. నానెల్లిపోయేలోగా దానికి ఇంకోటి సూసి ఇప్పించాల" అన్నాడు.

"ఎక్కడికెళ్తావురా నువ్వు?" అన్నాను.

"సైన్సు మేష్టరమ్మవి, నన్నడుగుతావేటి?" అన్నాడు.

అప్పటినుంచి మిషన్ మీద పడుకునే నాలుగు గంటలూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు. పిల్ల పంపిన పాటలన్నీ విన్నాడు. నర్సు వచ్చి, "ఏటి తాతా, బక్తి పాటలా?" అంటే, "ఆఁ, యముడివి" అన్నాడట. రోజూ నాకు ఫోన్ చేసి, "అన్నీ ఒకలాగే ఉన్నాయప్పా. ఏది మంచి గరగరో ఏది సెడ్డ గరగరో నాకు తెలవట్నేదు" అని దిగులు పడేవాడు. ఇంటి నిండా పనిముట్లున్న మనిషి, పని చేతకాక కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

ఒక ఆదివారం వెళ్లాను. వాడు అరుగు మీద కూర్చుని ఎడమ ముంజేతిని చెవికి ఆనించుకుని ఉన్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా అక్కడ రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. ఆ చోట చర్మం తాడులా ఉబ్బి ఉంటుంది.

"ఏటిరా, చెయ్యితో మాటాడుతున్నావు?"

"గరగర ఉందా నేదా సూత్తన్నాను. రోజూ లేవగానే సూసుకోమన్నాడు డాట్రు. ఇది ఆగిపోతే మిషన్ ఎక్కడానికి దారి నేదట." చెయ్యి నా వైపు చాచాడు. వేలు పెట్టాను. లోపల తుమ్మెద చిక్కుకున్నట్టు ఒకటే రొద. "నలబయ్యేళ్లు గరగర తీసినోడిని. ఇప్పుడు పొద్దున్నే లేసి, గరగరుంటే దండం పెట్టుకుంటన్నాను. సూడప్పా నా కర్మ." నవ్వాడు. నవ్వు సగంలో ఆపి, తన చెయ్యి తనే చూసుకున్నాడు. "గుంట అడిగిందిదే గదా" అన్నాడు.

తర్వాతి శుక్రవారం, డయాలసిస్ లేని రోజు, సెలవులకు వచ్చిన పిల్లతో కలిసి ముగ్గురం పొద్దుటి రైల్లో విశాఖ వెళ్లాం. నీళ్లు ఎక్కువ తాగకూడదు గనక వాడు దారిపొడుగునా ఒక ఐసుముక్క బుగ్గన పెట్టుకున్నాడు. అక్కడ గిటార్లమ్మే దుకాణంలో మూడు హెడ్‌లు వరసగా పెట్టారు. పిల్ల గిటారు తగిలించి మొదటిది వాయించింది. భూమి బద్దలైంది. చేత్తో తీగలు నొక్కి ఆపినా పెట్టె మాత్రం ఆగలేదు. ఊఁ అని మూలుగుతూనే ఉంది.

"ఇది మాటాడతాది గానీ నోరు మూయదు. మా అప్పలాగ" అన్నాడు. దుకాణం కుర్రాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

రెండోదాంట్లో వాల్వులు లేవు. తేలిక, పొందిక. "దీని గరగర పాటం అప్పసెప్పినట్టున్నాది" అన్నాడు.

మూడోది బరువు, పాతది. కుర్రాడు గరగర మీటను చివరిదాకా తిప్పాడు. మా తమ్ముడు చెయ్యెత్తి, "సగానికి దింపు బాబూ" అన్నాడు.

"మెటల్‌కి ఫుల్ పెట్టాలండి."

"దింపు. మాట తెలియాల గదా."

తలుపు తెరిచి పెట్టమని, మెల్లగా మెట్లు దిగి, రోడ్డు దాటి, అవతలి వరస చివర నిలబడ్డాడు. అక్కడిదాకా వెళ్లడానికి రెండుసార్లు ఆగాడు. పిల్ల వాయించింది. ఒక్కో దెబ్బా విడివిడిగా, కత్తితో కొబ్బరికాయ కొట్టినట్టు పడింది. చేత్తో నొక్కగానే టక్కున ఆగింది. వాడు మరికాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత తువ్వాలు తీసి పైకెత్తాడు.

లోపలికొచ్చి ఎడమ ముంజెయ్యి ఆ పెట్టె మీద ఆనించాడు. "మొదలెట్టడం ఏ పెట్టికైనా తెలుసే గుంటా. ఆగడం తెలియాల. దీనికి తెలుసు" అన్నాడు.

అది సోమవారం పార్సిల్లో పలాస వచ్చింది. పిల్ల ఆదరాబాదరాగా విప్పబోతే, "ఆగెహె. నీరసంగా ఉన్నాది. రేపు మిషనెక్కి వొచ్చినాక ఇప్పుదాం. నాను ఆఖరింటికాడికెల్లాల గదా" అన్నాడు.

రేపు మంగళవారం.

నేను టెక్కలి నుంచి వెళ్లేసరికి వాణ్ని చాప మీద పడుకోబెట్టారు. అందరూ కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తున్నారు. నేను ఎడమ ముంజేతి మీద వేలు పెట్టాను. ఏం తెలుస్తుందో తెలిసే పెట్టాను. చాలాసేపు తీయలేదు.

పన్నెండో రోజు దాకా ఆ అట్టపెట్టె దుకాణంలో అలాగే ఉంది. పదమూడో రోజు మనవరాలు వచ్చి, "అమ్మమ్మా, విప్పనా?" అంది. మరదలి దగ్గర తాళంచెవి తీసుకున్నాను. దండెం మీద వాడి తువ్వాలుంటే అదీ తీసుకున్నాను.

"నువ్వు వాయించు. నేను ఆఖరింటికి వెళ్తాను" అన్నాను.

ఆ సందు ఇంత పొడవుంటుందని నాకు తెలియదు. ఆఖరింటి మెట్టు మీద ఒకావిడ జీడిపప్పు పొట్టు తీస్తోంది. నేను ఆమె పక్కన నిలబడ్డానో లేదో దుకాణంలోంచి మొదటి దెబ్బ వచ్చింది. ఆవిడ చేతిలో పప్పు జారింది.

"ఓలమ్మో, ఏటమ్మా ఆ మోత? మైకుమావ మిషన్ పాడైపోనాదా?"

"లేదమ్మా. బాగుంది. బాగున్నా అలాగే ఉంటుంది" అన్నాను.

ఒక్కో దెబ్బా విడిగా తెలుస్తోంది. తీగ తీగా తెలుస్తోంది. అంతలో పిల్ల తీగలు నొక్కింది. ఆగింది. సందులో సైకిలు చక్రం చప్పుడు కూడా వినపడేంతగా ఆగింది.

నేను తువ్వాలు పైకెత్తాను. దూరంగా, దుకాణం గుమ్మంలో గిటారు మెడలో వేసుకుని మనవరాలు నిలబడి ఉంది. ఆ పిల్ల నన్ను కాదు, తువ్వాలునే చూస్తోంది. మళ్లీ వాయించడానికి లోపలికి వెళ్లడం లేదు. నా చెయ్యి గుంజేస్తోంది. అయినా దించలేదు.