అందరూ ఉపవాసమనుకున్న నా ఆకలి

సహోదరులారా, సహోదరీలారా, నన్ను ఈ పూట మీ ముందు ప్రాణాలతో నిలబెట్టిన ప్రభువుకు ముందుగా స్తోత్రం, ఆ తర్వాత మీకు వందనాలు. సాక్ష్యం చెప్పమని పాస్టరు అయ్యగారు చాన్నాళ్ళుగా అడుగుతున్నారు, నేనే తప్పించుకు తిరిగాను, ఎందుకంటే నా సాక్ష్యంలో మీరు కూడా ఉన్నారు, తీపి మాటలు చెప్పడం నాకు చేతకాదు!

నేను కుస్తీ ఆడేదాన్నని మీకందరికీ తెలుసు. అవతలి పిల్ల నడుము నా చేతుల్లోకి వచ్చి, ఆ పిల్ల కాళ్ళు మ్యాట్ మీది నుంచి లేచే క్షణం ఉంది చూశారా, దానికోసం నేను ఏమైనా చేసేదాన్ని. నాన్నకైతే అది ఇంకా పెద్దది. చేపల వ్యాపారంలో పొద్దున లేస్తే అందరి చేతా మాటలు పడే మనిషి, నేను జిల్లా పోటీల్లో గెలిచాక టీ కొట్టు దగ్గర గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన పేరు పోయి 'రెజ్లర్ నాన్న' అయింది. ఆ పిలుపు ఆయన తలకెక్కింది.

రాష్ట్ర పోటీలు గుడివాడలో అన్నప్పుడు, నాకు కుస్తీ నేర్పిన సారు నన్ను నా బరువులో కాకుండా దాని కింది తరగతిలో ఆడమన్నారు. నా తరగతిలో ఆడించడానికి ఆయనకు కావలసిన పిల్ల ఇంకొకతె ఉంది మరి! నాలుగు కిలోలు తగ్గాలి. నా ఒంటి మీద తగ్గడానికి ఏముంది సహోదరులారా! అన్నం మానేశాను, ఆ తర్వాత నీళ్ళు మానేశాను, మే నెల ఎండలో స్వెట్టరు, దాని మీద రెయిన్‌కోటు వేసుకుని కరకట్ట మీద పరుగెత్తాను, చివరికి ఉమ్మి మింగినా బరువేనని దాన్ని కూడా ఉమ్మేశాను. నాన్న రోజూ నన్ను చేపలు తూచే కాటా మీద నిలబెట్టేవాడు. జన్మంతా కాటాలో అంకె పెరగాలని చూసిన మనిషి, అది తగ్గుతుంటే సంబరపడ్డాడు!

అమ్మకు ఈ సంగతులేవీ చెప్పొద్దన్నాడు నాన్న. మనిషి అన్నం మానేయడానికి అమ్మకు తెలిసిన కారణం ఒక్కటే, ఉపవాస ప్రార్థన. మా అమ్మాయి ఉపవాసముండి దేవుని సన్నిధిలో కనిపెట్టుకుని ఉందని ఆమె ఇక్కడ లేచి నిలబడి చెప్పింది, మీరంతా చప్పట్లు కొట్టారు. తర్వాతి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం నా ముందుకు వస్తే నేను తీసుకోలేదు. ఆ గుక్కెడు కూడా కాటాలో కనబడుతుందని నా భయం. మీరేమన్నారో నాకు తెలియదనుకున్నారా?

"బల్లలో చెయ్యి వేయలేదంటే ఏదో పాపం ఉందమ్మా, క్యాంపులని తిరుగుతుందిగా!"

ముందు ఆదివారం భక్తురాలిని, వెనక ఆదివారం పాపిని. పెదాలు పగిలి నెత్తురు కారుతున్న పిల్లను ఒక్కరంటే ఒక్కరు "తిన్నావా అమ్మా" అని అడగలేదు!

గుడివాడలో తూకం సరిపోయింది. నాన్న ఈల వేశాడు. కాటా దిగుతూనే కాళ్ళు కొంకర్లు పోయి, కళ్ళు తిరిగి పడిపోయాను. ఆసుపత్రిలో డాక్టరుగారు చూసి కిడ్నీలు పని చేయడం లేదన్నారు, మూత్రం వస్తేనే ఆశ అన్నారు. అమ్మ బస్సు దిగి చెప్పుల్లేకుండా వార్డులోకి పరుగెత్తుకొచ్చి, నా మంచం పట్టె పట్టుకుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా గొంతెత్తి ప్రార్థన చేసింది.

"తండ్రీ, నాకు పతకం వద్దు, పేరొద్దు, నా బిడ్డకి ఉచ్చ రానియ్యి! గ్లాసుడు రానియ్యి నాయనా, నేనింకేమీ అడగను!"

నర్సమ్మ ఊరుకోమన్నా ఊరుకోలేదు. అలా ప్రార్థిస్తూనే ఉండగా, మంచానికి కట్టిన సంచిలో డికాక్షన్ రంగులో నాలుగు చుక్కలు పడ్డాయి. అమ్మ వేసిన స్తోత్రం కేకకు వార్డంతా లేచి కూర్చుంది. నవ్వకండి. నా విడుదల అలాగే వచ్చింది, దేవునికే మహిమ!

ఇక జన్మలో మ్యాట్ ఎక్కకూడదన్నారు డాక్టరుగారు. మా సారు చూడటానికి కూడా రాలేదు. నాన్న వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "కాసేపు ఓర్చుకుంటే ఆట అయిపోయేది కదే" అన్నాడు. ఆ మాట నా చెవుల్లోంచి ఇంకా పోలేదు. దేవుడు నా కోపాన్ని తీసేశాడని చెప్తే మీరు సంతోషిస్తారు, కానీ అబద్ధం చెప్పి ఆయనను మహిమపరచలేను.

ఆడే పిల్లలున్న తల్లిదండ్రులారా, ఆ పిల్లలను ప్రభువు చేతికి అప్పగించండి. ఆయన పిల్ల బతికితే చాలనుకునే తండ్రి, గెలిస్తేనే కావాలనే తండ్రి కాడు. నా ఒంట్లో పోసిన ఊపిరి సాక్షిగా చెప్తున్నాను, ఆయనను నమ్మండి.

అమ్మను బండి మీద దింపి నాన్న మందిరం బయటే ఉన్నాడు. లోపలికి ఎప్పుడూ రాడు. నాన్నా, మైకు నీకు వినిపిస్తుందని నాకు తెలుసు. నేను ఓడిపోయి వచ్చానని నలుగురికీ చెప్తున్నావట. నేను బతికి వచ్చాను నాన్నా. అందుకు నువ్వు ఒక్కసారైనా స్తోత్రం చెప్పలేదు. వెనక వరుసలో చోటుంది, రా. నీ మీద కోపం నాకింకా పోలేదు, అయినా రా.