ఒక్క టైరే కడిగి వెళ్ళిపోయిన మేస్త్రి గారు

మా అపార్ట్‌మెంటులో ఏళ్ల తరబడి కార్లు కడిగిన మేస్త్రి గారు పోయారు. మంగళవారం పొద్దున్న స్కూలుకి బయల్దేరుతుంటే వాట్సాప్ గ్రూపులో చూశాను. గుండెపోటట. దాని కింద మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు రాశారు: "మా కుటుంబ సభ్యుడి లాంటివాడు. తీరని లోటు." పక్కన దండం బొమ్మలు మూడు. అది చదివాక నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఎందుకో మీకు చెప్పాలి.

ఆయనది మా కొవ్వూరే. పొట్టి మనిషి, మెత్తని మాట. శనివారం ఏడింటికల్లా సెల్లార్‌లో బకెట్టు చప్పుడు వినిపించేది. ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసేవారు. వేడిగా ఉంటే నీళ్లు పోసేవారు కాదు. "చల్లారనివ్వండి టీచరు గారూ, తొందరేముందండి" అనేవారు.

నేను సెకండ్ హ్యాండ్ కారు కొన్న కొత్తలో దాని టైర్లు బెల్లం రంగులో ఉండేవి. ఎన్ని వారాలు కడిగినా అంతే. "ఏంటండీ మేస్త్రి గారూ, బురద అలాగే వదిలేస్తున్నారు?" అని కాస్త కటువుగానే అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. టైరు మీద వేలితో గీసి చూపించారు.

"ఇది బురద కాదండి. ఎండకి రబ్బరు పగిలిపోకుండా కంపెనీవాళ్ళే లోపల ఓ మందు కలుపుతారండి. బండి తిరిగేకొద్దీ అది పైకొస్తది. గాలి తగిలితే ఇలా గోధుమరంగు అవుద్ది. టైరు తన్ను తాను కాపాడుకుంటుందండి, దాన్ని తిట్టకూడదు. మీరు ఊఁ అంటే ఈ రంగు కూడా తీసేస్తాను."

టైరు తడిపి, సబ్బునీళ్ళతో గట్టి బ్రష్షు పెట్టి రుద్దారు. నురగ టీ రంగులో కారింది. కడిగి మళ్ళీ రుద్దారు. మూడోసారికి తెల్లటి నురగ వచ్చింది. "నురగ అబద్ధం చెప్పదండి" అన్నారు. ఆరాక నీళ్ళలాంటి పాలిష్ పల్చగా రాసి, మిగిలింది గుడ్డతో తుడిచేశారు. రోడ్డుకి ఆనే భాగానికి మాత్రం అంటనివ్వలేదు, బండి జారుతుందని. జిడ్డుగా మెరిసేవి రాయించొద్దన్నారు. కారు నీడన పెట్టమన్నారు, వారాల తరబడి కదపకుండా ఉంచొద్దన్నారు. పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఒక విషయాన్ని అంత తేలిగ్గా చెప్పడం నాకు ఎన్నిసార్లు చేతనైందో తెలియదు.

రెండేళ్ల క్రితం ప్రెసిడెంటు గారు పెద్ద కారు కొన్నారు. కొన్ని నెలలకే కొత్త టైర్లు గోధుమరంగుకి తిరిగాయి. ఒక శనివారం సెల్లార్‌లో, పదిమంది ముందు, ఆయన అరిచారు.

"బాత్రూం కడిగే యాసిడ్ పోసి నా టైర్లు తగలేశావు!"

"లేదండి బాబూ, సబ్బునీళ్ళేనండి. అది లోపలి మందు..."

"నాకు పాఠాలు చెప్పకు. రేపట్నుంచి గేటు దాటావంటే ఊరుకోను."

నేను అక్కడే ఉన్నాను. నాకు అంతా తెలుసు. "ఒక్కసారి ఆయన చెప్పేది వినండి సార్" అన్నాను. ఆ గొంతు నాకే వినిపించలేదు. తర్వాత లిఫ్ట్ ఎక్కి వెళ్ళిపోయాను. ప్రెసిడెంటు గారి మీద ఉన్న కోపంలో సగం నా మీదే ఉంది. ఆ తర్వాత నా కారుని కాలువ గట్టు పక్క ఆయన ఇంటికే తీసుకెళ్ళి కడిగించుకునేదాన్ని. ఆయన ఆ రోజు ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ప్రెసిడెంటు గారు ఇంకోచోట జిడ్డు పాలిష్ కొట్టించారు. వారం రోజులు నిగనిగలాడింది. తర్వాత దుమ్మంతా అంటుకుని ముందుకంటే ముదురు రంగుకి తిరిగింది. "మీ టైర్లు అంత నల్లగా ఎలా ఉన్నాయండీ?" అని నన్నడిగారు. "మీరు గెంటేసిన మేస్త్రి గారే కడుగుతున్నారండి" అన్నాను.

కబురు పెట్టారు. మేస్త్రి గారు వచ్చారు. ముందు టైరు ఒకటి తెల్ల నురగ వచ్చేదాకా రుద్ది, చెయ్యి మోచేతిదాకా బకెట్లో ముంచి పైకెత్తారు.

"యాసిడ్ అయితే నా చెయ్యి ఏమవ్వాలండీ? ఆ రోజు ఎంతమంది ముందు అన్నారో అంతమందినీ పిలిచి, ఈడు యాసిడ్ పొయ్యలేదని ఒక్క మాట చెప్పండి బాబూ."

ప్రెసిడెంటు గారు నవ్వారు. "ఇప్పుడవన్నీ ఎందుకయ్యా? మిగతా మూడూ కానివ్వు."

మేస్త్రి గారు బకెట్టు డ్రైనులో ఒంపేసి, ఖాళీ బకెట్లో బ్రష్షు పడేసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ మా గేటు లోపలికి రాలేదు. ఆ మాట వినకుండానే పోయారు. ఇప్పుడేమో కుటుంబ సభ్యుడట!

బుధవారం వాళ్ళింటికి వెళ్ళాను. పాస్టరు గారి ప్రార్థన అయి పెట్టె బయటికి తెస్తుండగా, ప్రెసిడెంటు గారు దండ పట్టుకుని కారులో సందులోకి వచ్చారు. "బంగారం లాంటి మనిషి" అన్నారాయన, అద్దం దించి. ఇంక నేను ఆగలేకపోయాను.

"ఆయన యాసిడ్ పొయ్యలేదండి. మీరు అబద్ధం చెప్పారు. ఆ రోజు నేనక్కడే ఉండి కూడా గట్టిగా నోరు విప్పలేదు" అని అందరికీ వినబడేలా అన్నాను. అద్దం పైకి లేచింది.

మేస్త్రి గారి భార్య నా వైపు తిరిగింది. "ఆయనుండగా చెప్పాల్సిందమ్మా" అంది.

ఆయన చేత బళ్ళు కడిగించుకునే మా స్కూలు వ్యాన్ల డ్రైవర్లు పెట్టె భుజానికెత్తుకున్నారు. ఒక పక్క కాలువ, మరో పక్క ఇళ్ల గోడలు, వెనక సందు మొదట్లో అప్పుడే వచ్చి ఆగిన బళ్ళు. పెద్ద కారు వెనక్కి తిరగడానికి చోటు లేదు. సందు చివరనున్న సమాధుల తోట దాకా, మా అందరి వెనకాల, హారన్ కొట్టకుండా, మేస్త్రి గారి నడకతోనే అది రావాల్సి వచ్చింది.