జ్వరం లేని బిడ్డ

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నేను ఆడినదే. చిన్నది, పట్టుమని పది మాటలు లేవు. బరువు మాత్రం ఒక్క రోజూ తగ్గలేదు. నా పేరు చెప్పను. ఊరు తమిళనాడులోని గుడియాత్తం. వేలూరులో ఒక ఆసుపత్రిలో నర్సుని. మంచి నర్సుని, ఆ మాట దాచుకోవడం దేనికి? నా చేత్తో వేస్తే సూది నొప్పి తెలియదని రోగులే అంటారు. చేసినదంతా పెద్దవాళ్ళ వార్డులోనే. మా ఇంట్లో మాత్రం ఎవరికి తలనొప్పి వచ్చినా, ఎవరి కాలు బెణికినా నా మాటే వేదం. ఆ మర్యాద నాకు బాగా ఇష్టం.

అప్పట్లో మా అన్నకు ఆడపిల్ల పుట్టింది. లుంగీలు నేసే మా వీధిలో పసిబిడ్డలకు నీళ్ళు పోసేది మంగమ్మత్త. చుట్టరికం లేదు, వరసకు అత్త. కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, ఒళ్ళంతా నూనె రాసి, వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ చూపించి తల్లి ఒళ్ళో పెట్టేది. నాకు నీళ్ళు పోసిందీ ఆమే.

నాలుగో రోజు నేను సెలవులో ఇంట్లోనే ఉన్నాను. బిడ్డను తుడుస్తూ మంగమ్మత్త నన్ను పిలిచింది.

“బిడ్డ పొద్దున్నించి పాలు పట్టుకోలేదంట. ఏడుపు మారినాది. కాళ్ళు చూడు, సల్లగా ఉండాయి. వేలూరుకు ఎత్తుకోని పోండమ్మా.”

“జ్వరం లేదు గదత్తా. నేను చూసినాను.”

“జ్వరం సంగతి నాకు తెలీదు. ఈ ఏడుపు బాగలేదు.”

“నువ్వు నీళ్ళు పోసే పని చూసుకో, మిగతాది నేను చూసుకుంటాను.”

“సరేమ్మా. సదువుకున్నదానివి, నీకు తెలీందా.”

జ్వరం నిజంగానే లేదు. ఒంటి వేడి ఉండాల్సిన దానికన్నా ఒక పిసరు తక్కువే ఉంది. ఈ పిల్ల సాధువు, నిన్ను ఏడిపించదు అని వదినతో నవ్వాను కూడా.

మర్నాడు పొద్దున బిడ్డ మూలుగుతోంది. ఒళ్ళు బూడిదరంగుకు తిరిగింది. వేలూరుకు పరుగెత్తాం. క్రిములు రక్తంలో చేరాయని డాక్టరమ్మ చెప్పింది. పెద్దవాళ్ళ ఒంట్లో క్రిమి చేరితే ఒళ్ళు తిరగబడుతుంది, జ్వరం వస్తుంది. నాలుగు రోజుల ఒంటికి ఆ తిరగబడడం ఇంకా సరిగా రాదు. కాలాల్సిన ఒళ్ళు చల్లబడవచ్చు, ఏడవాల్సిన బిడ్డ నిద్రపోవచ్చు. ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే. మరి ఎందుకు గుర్తు రాలేదు? ఈ ప్రశ్న చాలాకాలం వేసుకున్నాను. మరచిపోవడం ఎవరికైనా జరుగుతుంది, దానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. నీళ్ళు పోసే మనిషి నాకన్నా ముందు కనిపెట్టిందని నలుగురిలో ఒప్పుకోవలసి వస్తుందేమోనని నాకు ఒళ్ళు మండింది చూడండి, దాన్ని మాత్రం క్షమించుకోలేకపోయాను.

వరండాలో అన్న అడిగాడు, ఇది యాడనించి వచ్చిందని. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుందని నాకు తెలుసు: నిన్ననే ఎందుకు తీసుకురాలేదని.

“మంగమ్మత్త బొడ్డులో నూనె పోసుంటాది. దాన్నించే వచ్చింటాది” అన్నాను.

ఆమె పోయలేదు. నేను పక్కనే ఉండి చూశాను. బొడ్డు ఊడేదాకా దాని మీద నూనె చుక్క పడనివ్వదు ఆమె.

బిడ్డ బతికింది. ఇప్పుడు ఏడో తరగతి, నోటికి తాళం లేదు. కానీ ఆ రోజుల్లో అన్న మంగమ్మత్త ఇంటి ముందు నిలబడి వీధంతా వినేలా తిట్టాడు. ఆమె నావైపు చూసింది, నేను ఏదో ఒకటి చెబుతానని. నేను ఇంట్లోకి వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఏ ఇంటివాళ్ళూ ఆమెను బిడ్డ దగ్గరికి పిలవలేదు. ఇప్పటికీ బీడీలు చుట్టి బతుకుతోంది. నేనేమో ఆసుపత్రికి వచ్చే బాలింతలకు, పాలు మానినా, ఏడుపు మారినా, ఒళ్ళు చల్లబడినా వెంటనే రండి అని చెప్పి మెప్పు పొందుతున్నాను. ఎవరి మాటలు అవి?

ఇక్కడిదాకా రాసి ఆపేశాను. మా వీధిలో అందరం తెలుగే మాట్లాడతాం గానీ, ఈ అక్షరాలు చదవగలిగేది చిత్తూరులో చదువుకున్న నేనొక్కదాన్నే. అందుకే తెలుగులో రాశాను. మీకు చెప్పి, వాళ్ళ దగ్గర దాచాలని. ఎంత తెలివి!

నిన్న ఆదివారం. అన్ననూ వదిననూ మంగమ్మత్త ఇంటికి తీసుకెళ్ళి, పైన రాసిందంతా చదివాను. అన్న తల దించుకున్నాడు. వదిన ఏడ్చింది.

“ఆ నూనె మాట ఇంకోసారి సదువు” అంది మంగమ్మత్త. “ఈడ కాదు. వీధిలో నిలబడి సదువు.”

వీధిలో నిలబడి చదివాను, దారిన పోయేవాళ్ళకూ తెలియాలని తమిళంలో కూడా చెప్పాను. ఎదురింటివాళ్ళు వచ్చారు, పక్కింటివాళ్ళు వచ్చారు. అయిపోయాక ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు ముందు నిలబడి, పన్నెండేళ్ళలో మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.