ముందు నా మొహం వేయి

డాక్టరమ్మ గారు పోయారు. ఉదయం దీపం వెలిగించి లేస్తుండగా ఫోన్ మోగింది. దేశానికి ఆ చివర బాతెల్‌లో ఉండే వాళ్ళమ్మాయి. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు వెతుక్కుంటూ మాట్లాడుతుంది.

"ఆంటీ, అమ్మ పోయింది. నిద్రలోనే. పెయిన్ ఏం లేదు అంటున్నారు."

నేను దీపం పక్కనే మళ్ళీ కూర్చుండిపోయాను. తరవాత ఆ పిల్లే అంది. "ఇక్కడ ఫ్యూనరల్ అయిపోయాక సండే నేను మన ఐసెలిన్ వస్తాను. ఇంట్లో అమ్మ ఫ్రెండ్స్‌ని పిలుస్తాను. పెద్ద ఫోటో కావాలి ఆంటీ, క్లాత్ మీద. అమ్మ ఎప్పుడో చెప్పింది నాకు. శైలజ ప్రింట్ చేయాలి, పెద్దక్క చూడాలి, అని."

పెద్దక్కని నేను. శైలజ మా ఆఖరి చెల్లెలు. వాళ్ళది అపార్టుమెంటు కాబట్టి మా గరాజ్‌లో బట్టల మీద, కప్పుల మీద బొమ్మలు అచ్చువేసే చిన్న వ్యాపారం నడుపుతోంది. డాక్టరమ్మ గారు మా ఎదురింటివారు. కూతురి దగ్గర నెల్లాళ్ళు ఉండి వస్తానని వెళ్ళారు. వెళ్ళేముందు వాళ్ళ వాకిట్లో నిలబడి, "నేనొచ్చేదాకా ఆ మిషన్ని పస్తు పెట్టకండి" అని కేకేశారు. ఆవిడ నాతో అన్న చివరి మాట అదే.

మా ఊళ్ళో చాలామందికి ఆవిడ తెలుసు. తెలియనివారి కోసం చెబుతున్నాను. ఆవిడ రోగుల్ని చూసే డాక్టరు కాదు. రోగి నుంచి తీసిన చిన్న ముక్కని గాజుపలక మీద రంగుల్లో ముంచి, మైక్రోస్కోపులో చూసి, ఇది ఫలానా అని చెప్పే డాక్టరు. రిటైరై చాలాకాలమైనా ఆ చూపు మాత్రం రిటైరవలేదు. మనవాళ్ళ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డులో చీర కొనాలంటే దాన్ని భుజాన వేసుకుని బయట పేవ్‌మెంట్ మీదికి వెళ్ళిపోయేవారు. కొట్లో అమ్మాయిలు నవ్వుకునేవాళ్ళు, మేడమ్ గారు బయల్దేరారు అని.

"షాపులో లైటు షాపు మనిషే అమ్మాయ్. అది మన పక్షాన మాట్లాడుతుందా?" అనేవారు.

పూజలు ఆవిడకి పట్టవు. నాకు అవి లేనిదే రోజు మొదలవదు. దాని మీద మేమెప్పుడూ వాదించుకోలేదు. మా ఇంట్లో వ్రతమంటే తప్పకుండా వచ్చేవారు. "పులిహోర వరకూ నేను ఆస్తికురాలినే" అంటూ రెండోసారి వడ్డించుకునేవారు.

రెండేళ్ళ కిందట శైలజ ఉద్యోగం పోయింది. కొన్నాళ్ళు అప్లికేషన్లు పెట్టింది, ఇంటర్వ్యూలకి తిరిగింది, విసిగింది. ఇక సొంతంగా ఏదైనా చేస్తానంది. తెలుగు బడి వార్షికోత్సవానికి పిల్లలందరికీ జెర్సీలు వేసే పని తనకి ఇస్తామన్నారు. అప్పటికి దాని దగ్గర ఆ పనికి తగ్గ ప్రింటరు కూడా లేదు. మా మరిది మంచివాడే, కానీ డాలస్‌లో అతనికి ఉద్యోగం సిద్ధంగా ఉంది. "ఈ ఆర్డరు నిలబడితే ఇక్కడే ఉందాం. లేకపోతే సమ్మర్‌లో వెళ్ళిపోదాం" అని మాట అనుకున్నారు. మా అమ్మ పోయాక దాన్ని పెంచినదాన్ని నేను. అది డాలస్ వెళ్ళిపోతుందేమోనని నాకు దీపం ముందు కూడా మనసు నిలిచేది కాదు.

ఆ పనికి సబ్లిమేషన్ ప్రింటరు కావాలి. అది ప్రత్యేకమైన ఇంకుతో కాగితం మీద బొమ్మని తిరగేసి అచ్చువేస్తుంది. ఆ కాగితాన్ని తెల్లటి పాలిస్టర్ బట్ట మీద పెట్టి హీట్ ప్రెస్‌లో నొక్కితే ఇంకు ఆవిరై దారంలోకి దిగిపోతుంది. కాగితం మీద వెలిసిపోయినట్టున్న రంగులు ఆ వేడికి తెరుచుకుంటాయి.

ఒకాయన ప్రింటింగ్ షాపు మూసేస్తున్నారని, పెద్ద మిషన్ అమ్మకానికి ఉందని శైలజకి ఎవరో చెప్పారు. కొత్తదైతే మా అందుబాటులో ఉండేది కాదు. మిషన్ గుమ్మమంత వెడల్పు. శైలజకి రెండు రాత్రులు నిద్ర లేదు. శనివారం చూడ్డానికి వెళుతూ, రంగులు చూస్తారని డాక్టరమ్మ గారిని కూడా ఎక్కించుకున్నాం. ఆవిడ మెడలో ఎప్పటిలా భూతద్దం గొలుసు.

"ఇవాళే చెప్పాలి అక్కా. సాయంత్రం వేరేవాళ్ళు వస్తున్నారట. డ్రైవ్ చేసుకుంటూ పెన్సిల్వేనియా నుంచి" అని దారంతా శైలజ అదే మాట.

షాపాయన మర్యాదస్తుడు. మన తెలుగాయనే. మాకు టీ ఇచ్చి, మిషన్ ఆన్ చేసి, "మొదటి ప్రింటు స్వామిదే వేద్దామమ్మా. మీకు మంచి జరగాలి" అన్నారు. మా మనసులో మాటే అన్నారని నాకు, శైలజకి కళ్ళు చెమర్చాయి. కాగితం బయటికి వచ్చింది. ఆయన దాన్ని బట్ట మీద పరిచి ప్రెస్ మూశారు. తెరిచేసరికి కిరీటం, పూలదండలు, నగలు, నామం, నిండుగా వేంకటేశ్వర స్వామి. శైలజ చెప్పులు విప్పి దండం పెట్టింది. నేనూ పెట్టాను. ఇక మాట్లాడేదేముంది? శైలజ హ్యాండ్‌బ్యాగు తెరుస్తోంది.

డాక్టరమ్మ గారు భూతద్దం తీసి బట్ట మీదికి వంగారు. "ఎరుపు కాస్త ఇటుకరంగుగా లేదూ?"

"ఆంటీ! స్వామి బొమ్మకి వంక పెడతారా?" అంది శైలజ.

"స్వామికి కాదమ్మా, మిషన్‌కి. ఏదీ, కాస్త సబ్బు పెట్టి రుద్దిచూద్దామా? రంగు నిలుస్తుందో లేదో తెలుస్తుంది."

ఎవరూ కదల్లేదు. స్వామి మొహాన సబ్బు పెట్టి ఎవరు రుద్దుతారు? షాపాయన గోడ వైపు చూశారు. నేను నేల చూశాను. బట్టని లాగి సాగదీయడానికి గాని, మడిచి నలపడానికి గాని మా చేతులు రావు. ఆ సంగతి ఆవిడకి అప్పుడు అర్థమైంది.

"సరే, ఆయన్ని పైన పెట్టండి. ముందు నా మొహం వేయి బాబూ. నన్నైతే ఎంతైనా ఉతకొచ్చు."

ఫోన్లోంచి ఒక ఫోటో పంపారు. కూతురు తీసింది. తెల్లగోడ ముందు నవ్వుతూ ఉన్న మొహం, ఎడమవైపు ముక్కుపుడక. అంతే, నగలు లేవు, పువ్వులు లేవు. షాపాయన అయిష్టంగానే వేశారు. ప్రెస్ తెరిచాక ముగ్గురం వంగాం.

ఆవిడ చెంప మీదుగా సన్నటి అడ్డగీతలు. నుదుటి మీద కూడా. స్వామి నగల్లో, దండల్లో కలిసిపోయిన గీతలు ఆవిడ చెంప మీద దాక్కోలేకపోయాయి.

"రెండు మూడుసార్లు ఇంకు చిమ్మే హెడ్ క్లీన్ చేస్తే పోతాయి మేడమ్" అన్నారు షాపాయన. చేశారు. మళ్ళీ అచ్చువేశారు. గీతలు పోలేదు, కిందికి జరిగాయి. మళ్ళీ చేశారు. గడియారం చూస్తూ శైలజ పెదవి కొరుక్కుంటోంది. ఏ క్షణాన పెన్సిల్వేనియా వాళ్ళు గుమ్మంలోకి వస్తారోనని నేను కారు చప్పుడు వినపడ్డప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి ఆగి ఉంది ఇది?" డాక్టరమ్మ గారి గొంతులో తప్పు పట్టడం లేదు.

ఆయన బట్ట మడత పెడుతూ చెప్పారు. "మా ఆవిడకి ఒంట్లో బాగాలేదమ్మా. చలికాలమంతా షాపు తెరవలేదు. రోజూ నడవకపోతే ఇంకు లోపల ఎండిపోతుంది. బాగయిపోతుందనే అనుకున్నాను. మిషన్."

డాక్టరమ్మ గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "రిపోర్టులేమన్నా ఉంటే పంపు బాబూ, చూస్తాను" అన్నారు. ఆ తరవాత చూశారు కూడా.

మిషన్ కొనకుండానే తిరుగుదారి పట్టాం. శైలజ స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ముందుకే చూస్తోంది.

"స్వామి బొమ్మ అంత చక్కగా వచ్చింది. మీరు నా ఆశ మీద నీళ్ళు చల్లారు ఆంటీ."

"చల్లాను."

"మూడు వారాల్లో జెర్సీలు ఎలా వేయాలి? చేత్తో గీయనా?"

"పిల్లల వీపు మీద గీతలతో వేసిస్తావా?"

"అడ్జస్ట్ అయ్యేదేమో!"

"శైలూ," అన్నారు ఆవిడ, అంతకు ముందెప్పుడూ అలా పిలవలేదు. "నలభై ఏళ్ళు నా దగ్గరికి వచ్చిన ప్రతి పలక వెనకా ఒక ఇల్లు ఉండేది. అందరికీ మంచి మాటే కావాలి. నాకూ చెప్పాలనే ఉండేది. కనిపించింది చెప్పాలి గాని, కావాల్సింది చెప్పకూడదమ్మా."

శైలజ ఏడ్చింది. నేను వెనక సీట్లో కూర్చుని లోలోపల నామం జపించుకుంటున్నాను. కానీ ఆ పూట నాకూ కోపంగానే ఉంది. ఎవరి మీదో తెలియదు.

మర్నాడు ఆవిడే మా గుమ్మం ఎక్కారు. శైలజ ఈసారి ఇంట్లో ఉన్న మామూలు ప్రింటరులో సబ్లిమేషన్ ఇంకు పోసి నడిపిద్దామని వీడియోలు చూస్తోంది. ఆవిడ వద్దనలేదు. పక్కన కూర్చుని అడుగుతూ పోయారు. వారానికి ఎన్ని బట్టలు వేస్తావు? అన్నిటికన్నా పెద్ద బొమ్మ ఎంత ఉంటుంది? ఆగిపోతే ఫోన్ ఎత్తేదెవరు? పని లేని రోజున ఏం చేస్తుంది ఆ మిషన్? శైలజ మొదట చిరాగ్గా, తరవాత ఆలోచించి జవాబులు చెప్పింది. చెబుతూ చెబుతూనే తనకి తెలిసిపోయింది. జెర్సీ మీద బొమ్మకి గుమ్మమంత వెడల్పు అక్కర్లేదు. ఇంట్లో ప్రింటరు మొరాయిస్తే ఇంకు మార్చావు గనక మాకు సంబంధం లేదంటారు కంపెనీవాళ్ళు.

"మిషన్ గొప్ప చూసి కాదు, నీ రోజు ఎలా గడుస్తుందో చూసి కొనుక్కో" అన్నారు లేస్తూ.

హీట్ ప్రెస్‌తో పాటు సబ్లిమేషన్ కోసమే తయారైన చిన్న ప్రింటరు కొన్నాం. బల్ల మీద పట్టేది, వారంటీ ఉన్నది. పెట్టె విప్పాక నేను పసుపు కుంకుమలు తెచ్చాను. డాక్టరమ్మ గారు భూతద్దం పెట్టుకుని మరీ, "బొట్టు మూత మీదే పెట్టు పెద్దమ్మాయ్. ప్రెస్ దగ్గర పొడి రాలిందంటే పిల్లలందరికీ బొట్లే" అన్నారు. ఆ రోజు నవ్వాం. చాలా రోజుల తరవాత.

జెర్సీలు సులువుగా ఏమీ అవలేదు. మొదటి విడతలో కాగితం కదిలి అక్షరాలకి నీడలు వచ్చాయి. గరాజ్‌లో చెమ్మకి బట్ట మీద మచ్చలు తేలాయి. పాడైన ప్రతి చొక్కాతోనూ డాలస్ ఒక అడుగు దగ్గరికి వచ్చినట్టుండేది నాకు. శైలజ తిండి మానేసింది. డాక్టరమ్మ గారు కుర్చీ వేసుకుని కిటికీ పక్కన కూర్చుని ఒక్కొక్క చొక్కా చూసేవారు. బాగుంటే బాగుందనేవారు. లేకపోతే మాట్లాడకుండా పక్కన పెట్టేవారు. చివరికి బడివాళ్ళు వచ్చి తీసుకెళ్ళిన రోజున, ఒకావిడ చొక్కా వెలుతురులోకి ఎత్తి, "మా వాడి పేరు ఎంత నీట్‌గా వచ్చిందో!" అంది. మా మరిది ఆ సాయంత్రమే డాలస్‌కి ఫోన్ చేసి రానని చెప్పేశాడు.

ఆ మిషన్‌కి ఒక నియమం ఉంది. పని ఉన్నా లేకపోయినా రోజూ కాస్తయినా నడవాలి. "నువ్వు రోజూ దీపం పెట్టట్లా? దానికీ అంతే" అన్నారు ఆవిడ నాతో. ఏం అచ్చువేయాలి? దేవుడి బొమ్మ వేస్తే పారేయలేం. అందుకని ఆవిడ మొహమే. తపాలా బిళ్ళకన్నా కొంచెం పెద్దది, పక్కన నాలుగు రంగుల గళ్ళు. ఉదయం కాఫీ కప్పుతో రోడ్డు దాటి వచ్చి, "ఎలా ఉన్నాను ఇవాళ?" అని అడిగేవారు.

"కాస్త పచ్చగా ఉన్నారు ఆంటీ" అనేది శైలజ.

"కామెర్లు. ఇంకు చూడు."

ఇంకో రోజు, "నీలంగా ఉన్నారు."

"ఊపిరాడట్లేదు పాపం. క్లీన్ చెయ్యి."

వారానికోసారి ఒక మొహాన్ని బట్ట మీదికి ఎక్కించి, తనే కుళాయి కింద పెట్టి సబ్బుతో రుద్దేవారు. తన చెంపల్ని తనే బరబరా రుద్దుకోవడం చూస్తే నాకు అదోలా ఉండేది. ఆవిడ మాత్రం పాట పాడుకునేవారు.

ఇప్పుడు ఆదివారానికి ఆవిడ పెద్ద ఫోటో వేయాలి. శుక్రవారం ఉదయం ఇద్దరం గరాజ్‌లోకి వెళ్ళాం. శైలజ ఫైల్ తెరిచింది. అదే తెల్లగోడ, అదే నవ్వు. కాగితం బయటికి వస్తుంటే తను మొహం తిప్పుకుంది.

"అక్కా, నువ్వు చూడు."

కాగితం మీద బొమ్మ తిరగేసి ఉంటుంది కదా. ముక్కుపుడక కుడివైపు ఉంది. అద్దంలో ఆవిడకి ఆవిడ ఇలాగే కనపడి ఉంటారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. బాగుందని చెప్పాలనే ఉంది. ఆ పని త్వరగా అయిపోవాలని ఉంది.

"పచ్చగా ఉన్నారు" అన్నాను.

శైలజ కళ్ళు తుడుచుకుని హెడ్ క్లీన్ చేసింది. మళ్ళీ వేసింది. ఈసారి బాగున్నారు. ముందు చిన్న నమూనా కాగితం ఒకటి వేసి, బట్టముక్క మీద పరిచి ప్రెస్‌లో పెట్టి తీసింది. వేడివేడిగా, మొహం తెరుచుకుంది. ముక్కుపుడక ఎడమవైపుకి వచ్చింది.

ఇక ఉతికి చూడాలి. అప్పుడు మా ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. ఆ రోజు షాపులో స్వామి దగ్గర ఆగినట్టే.

"వద్దులే అక్కా. ఆంటీ మొహం..." అంది శైలజ.

నేను కుళాయి తిప్పాను. సబ్బు తీసుకున్నాను. ముందు నుదురు, తరవాత చెంపలు, తరవాత గడ్డం. మొదట మెల్లగా, ఆ తరవాత ఆవిడ రుద్దినట్టే గట్టిగా. నురగ పోయేదాకా కడిగాను. పిండాను. కిటికీ తీగకి రెండు క్లిప్పులు పెట్టి ఆరేశాను.

రంగు పోలేదు. బట్ట చివర్నుంచి నీళ్ళు కారుతున్నాయి. వెలుతురు వెనక నుంచి పడి, తడి మొహంతో ఆవిడ నవ్వుతున్నారు.