గునుగు మూల

మా కాలనీ పార్కులో కలుపు పీకే పని నేనే నెత్తినేసుకున్నాను. ఎవరూ అప్పగించలేదు. కోస్తా నుంచి వచ్చి ఇబ్రహీంపట్నంలో ఇల్లు కట్టుకున్న కొత్తలో నా మనసుకు పట్టిన చోటు అదొక్కటే. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, చుట్టూ వాకింగ్ ట్రాక్, మధ్యలో పిల్లలు కబడ్డీ ఆడే మట్టినేల. నచ్చినదాన్ని సర్దకుండా ఉండలేను నేను. మా ఇంట్లోవాళ్లు దాన్ని చాదస్తం అంటారు.

ఆ ఏడు వానలు వెలిశాక జారుడుబల్ల వెనక మూలంతా నడుమెత్తు పిచ్చిమొక్కలు లేచాయి. తెల్లటి కంకుల్లాంటి పూలు, కొసన కాస్త గులాబీ రంగు. పాములు చేరతాయని భయపడి, రెండు ఉదయాలు నడుం వంచి, మొత్తం వేళ్లతో సహా పీకి చెత్త ట్రాక్టరు ఎక్కించాను. నడవడానికి వచ్చినవాళ్లు మెచ్చుకుంటే ఉబ్బిపోయాను కూడా.

మర్నాడు ఒక పెద్దావిడ కొడవలి, గంపతో గేటు తోసుకుని వచ్చింది. బోసిపోయిన మూల చూసి నిలబడిపోయింది.

"గునుగంత ఏమైంది?"

"కలుపు కదండీ, పీకేశాను."

"కలుపా? ఎల్లుండి బతుకమ్మ. గునుగు లేకుండ దేంతోని పేరుస్త?" అంటూ నేల మీద కూలబడింది. "గిది మా చెల్కనే బిడ్డా. వానకు జొన్నలేసేటోళ్లం. ప్లాట్లకు అమ్మినం. చుట్టు అంత ఇండ్లు లేచినయ్, గునుగు ఈ మూలకే మిగిలింది. భూమి అమ్మిన గని, పూలు అమ్మలే."

నాకు సిగ్గేసింది. బజారులో కొనిస్తానన్నాను.

"నా చెల్కల పూలు నేను కొనుక్కోవాల్నా?" అంది. గట్టిగా తిట్టినా బాగుండేది. "ఏర్లతోని పీకినవ్. విత్తు రాలిందో లేదో. మల్లొస్తదో రాదో" అని వెళ్లిపోయింది.

ఏడాదంతా నా కళ్లు ఆ మూల మీదే. అక్కడ ఓపెన్ జిమ్ పెడదామని కమిటీవాళ్లు అంటే కయ్యానికి దిగి మరీ దాన్ని ఇంకోవైపుకు మార్పించాను. తొలకరికి ఏవేవో మొలిచాయి. మొలకల్లో గునుగు ఏదో పోల్చుకోవడం నాకు చేతకాదు కనుక ఒక్క గడ్డిపరక కూడా ముట్టుకోలేదు. "మీ శుభ్రత ఏమైందండీ?" అని నడిచేవాళ్లు ఆటపట్టించారు. భాద్రపదంలో పూలు కనిపించాయి. గుప్పెడు మొక్కలే, కానీ ఆ పొద్దున నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు.

పెద్దావిడ వచ్చేసరికి గేటు దగ్గరే కాచుకుని ఉన్నాను. ఆమె ఒక్కో పువ్వూ కోస్తూ పోయి, చివర ఐదారు మొక్కలు వదిలేసింది.

"అవీ తీసుకోండమ్మా, గంప సగం కూడా నిండలేదు" అన్నాను.

"అవి విత్తుకు ఇడిసిపెట్టిన. నీ చేతులు ఊకుండయ్ గద" అని నవ్వి, గంప నా నెత్తికెత్తింది. "పా, మా ఇంటికి పోదం. పేర్చుడు నేర్పిస్త. పీకుడొక్కటే వస్తె ఎట్ల?"