బండి తిప్పమన్నది నేనే

మూడేళ్లుగా నేను మోస్తున్నది నా చెల్లెలి జబ్బు అని మా బంధువులంతా అనుకుంటారు. ఆమెను కనిపెట్టుకుని ఉన్నందుకు నన్ను మెచ్చుకుంటారు కూడా. ఆ మెప్పు వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను మోస్తున్నది ఆమెను కాదు, ఒక ఉత్తరాన్ని. అది రాసింది నేను. కింద సంతకం నాది. అందులో ఉన్నది అబద్ధం.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం చెప్పను. ఆ పేరు పట్టుకుని వేలాడినందుకే ఇదంతా జరిగింది.

మా తాతగారు కంటోన్మెంటు అవతల తన భూమి ఇచ్చి ఒక ఆసుపత్రి కట్టించారు. ఇప్పుడు మాకు భూములు లేవు. మారేడ్‌పల్లిలో మా బంగళా ఉన్న చోట అపార్టుమెంటు లేచింది. అందులోనే కింది అంతస్తులో నేనూ, పెళ్లి వద్దనుకున్న నా చెల్లెలు వసుంధరా ఉంటాం. మాకు మిగిలింది ఆసుపత్రి వరండాలో తాతగారి పేరు చెక్కిన రాయి, దానితోపాటు ఒక ఆనవాయితీ. మా ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా మొదట అక్కడికే వెళ్లాలి. అదీ పక్క గేటు నుంచి కాదు. ముందు పోర్టికోలో బండి ఆపి, ఆ రాయి ముందు నుంచి లోపలికి నడవాలి. పై అంతస్తులో మా కోసం ఒక గది ఖాళీగా ఉంచేవారు. ఆసుపత్రి చేతులు మారి చాలా ఏళ్లయింది. ఆ గదిలో విరిగిన మంచాలు పేర్చారని నాకు తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండటం మా ఇంట్లో చిన్నప్పుడే నేర్పుతారు.

వసుంధర ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేది. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి బడికి బయలుదేరుతూ కుచ్చిళ్లు సర్దుకుంటోంది. కుడి చెయ్యి ఉన్నట్టుండి వాలిపోయింది. మూతి ఒక పక్కకు జారింది. నన్ను ఏదో అడగబోయింది, మాట రాలేదు. కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. వాటిలో ఏ మసకా లేదు. ఆమెకు అన్నీ తెలుస్తున్నాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ప్రైవేటు అంబులెన్సు తొందరగానే వచ్చింది. డ్రైవరు పేరు యాదగిరి, నలభై అయిదేళ్ల మనిషి. ఆమె మూతి చూశాడు. రెండు చేతులూ ఎత్తమన్నాడు. ఎన్ని గంటలకు మొదలైందని నన్ను అడిగాడు. ఆ అడిగిన తీరే నాకు నచ్చలేదు. నేను వెనక వసుంధర పక్కన కూర్చున్నాను. ముందు సీటుకూ మాకూ మధ్య చిన్న కిటికీ ఉంది. బండి బేగంపేట వైపు మళ్లింది.

"ఎటు పోతున్నవ్?" అన్నాను.

"పెద్ద దవాఖానకు సార్. అమ్మకు పక్షవాతం లెక్క కొడ్తున్నది. మెదడు నరంల నెత్తురు గడ్డ కడితే తీగ ఏసి గుంజేటోళ్లు గక్కడ ఉన్నరు."

"మా తాతగారి ఆసుపత్రికి పోనియ్. కంటోన్మెంటు దాటినంక."

"గది నాకు ఎర్కనే సార్. గాడ గడ్డ తీసేటోళ్లు లేరు. సూది ఏస్తరు, ఎన్కకు పంపిస్తరు. పోయిన నెలల ఇద్దర్ని గాడికెళ్లి నేనే తీస్కొచ్చిన. తొవ్వల్నే పొద్దంత పోయింది. జెర నా మాట ఇనుండ్రి."

"నువ్వు డ్రైవర్‌వా, డాక్టర్‌వా?"

"డ్రైవర్‌నే సార్. ఎవర్ని ఏడికి తీస్కపోతే ఎట్లయిండ్రో చూసేటోణ్ణి."

"మా ఇంటోళ్లు వేరే దవాఖాన మెట్లు ఎక్కరు. బండి తిప్పు."

అతను అద్దంలోంచి నన్ను కాదు, ఆమెను చూశాడు. "అమ్మా, మీరేమంటరు?" అన్నాడు. వసుంధర తన ఎడమ చెయ్యి ఎత్తింది. ముందుకు, రోడ్డు వైపు చాపింది. నేను ఆ చేతిని పట్టుకుని కిందికి దించి నా ఒళ్లో పెట్టుకున్నాను.

ధైర్యం చెప్పడానికే పట్టుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఒక డ్రైవరు మా ఇంటి ఆడపడుచును నన్ను దాటి అడగడం, ఆమె అతనికి జవాబు ఇవ్వడం, ఆ రెండూ నేను భరించలేకపోయాను. ప్రాణం మీదికి వచ్చిన మనిషి ముందు కూర్చుని నేను లెక్కపెట్టుకున్నది ఎవరు ఎవరితో ఎలా మాట్లాడారన్నదా? అవును, అదే.

బండి తిరిగింది.

పోర్టికోలో దిగాక యాదగిరి స్ట్రెచరు లోపలికి చేర్చి వచ్చి, "నేను ఈడనే ఉంట సార్. మళ్ల బండి కావల్సొస్తది," అన్నాడు. అక్కర్లేదు, వెళ్లిపొమ్మన్నాను. కాసేపు గేటు దగ్గర నిలబడ్డాడు. వాచ్‌మన్‌ను పంపి వెళ్లగొట్టించాను.

లోపల మమ్మల్ని చూసి లేచి నిలబడిన వాళ్లు లేరు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు స్కాన్ తీయించాడు. మెదడుకు పోయే పెద్ద నాళం మూసుకుపోయిందన్నాడు. గడ్డ కరగడానికి సూదిమందు ఇచ్చాడు. ఇది కరిగేలా లేదు, తొడ దగ్గర నుంచి తీగ పంపి లాగెయ్యాలి, ఆ సౌకర్యం ఇక్కడ లేదు, వెంటనే పంపించాలి అన్నాడు. యాదగిరి చెప్పిందే. ఒక్క ముక్క తేడా లేదు.

పంపడానికి బండి లేదు. ఆసుపత్రి అంబులెన్సు ఇంకెవరినో తీసుకుని వెళ్లింది. అటువైపు డాక్టరు ఫోను ఎత్తాలి, కాగితాలు తయారవ్వాలి, వాటి మీద ఎవరో సంతకం పెట్టాలి, ఆ ఎవరో రౌండ్లలో ఉన్నారు. గంటన్నర గడిచింది. నేను తాతగారి రాయి కింద బెంచీ మీద కూర్చున్నాను. ఆ గంటన్నరలో ఒక్కసారైనా యాదగిరి నంబరుకు ఫోను చేశానా? బండి ఎక్కేటప్పుడు అతను ఇచ్చిన నంబరు నా జేబులోనే ఉంది. చేయలేదు.

బేగంపేట ఆసుపత్రిలో మా స్కాన్ సీడీ తెరుచుకోలేదు. మళ్లీ స్కాన్. గడ్డ తీశారు, బాగానే తీశారు. కానీ అప్పటికే మెదడులో ఆ భాగం చచ్చిపోయింది. డాక్టరమ్మ బయటికి వచ్చి, కళ్లద్దాలు తీసి అడిగింది. ముందే ఇక్కడికి ఎందుకు తీసుకురాలేదు?

"డ్రైవరు అటు తీసుకెళ్లాడు," అన్నాను.

తడుముకోలేదు. నిజం చెప్పేటప్పుడు కూడా నాకు అంత సులువుగా మాట రాదు. బంధువులు వచ్చి అడిగితే అదే చెప్పాను. చెప్పిన కొద్దీ కోపం వచ్చింది, నిజమైన కోపం, అతని మీద. ఆ కోపంతోనే తాతగారి పేరు అచ్చువేసిన పాత లెటర్‌హెడ్ తీసి, మంచి దస్తూరీతో అంబులెన్సు యజమానికి రాశాను. కమిషను కోసం రోగిని తప్పు ఆసుపత్రికి తరలించాడని రాశాను. కమిషను అన్న మాట నాకు ఎవరూ చెప్పలేదు. నేనే చేర్చాను. వారంలోగా యాదగిరిని తీసేశారు.

తప్పు నా ఒక్కడిదేనా అని మూడేళ్లు వాదించుకున్నాను. మా ఆసుపత్రి గేటు మీద పక్షవాతానికి ఇరవై నాలుగు గంటల వైద్యం అని నిలువెత్తు బోర్డు పెట్టారు. సగం వైద్యమే ఉందని దాని మీద రాయలేదు. ఏ ఆసుపత్రిలో గడ్డ తీస్తారో, ఏ ఆసుపత్రిలో తీయరో ఈ ఊళ్లో మామూలు మనిషికి చెప్పే నాథుడు లేడు. మనిషి మెదడు నిమిష నిమిషానికి చస్తుంటే సంతకం కోసం కూర్చోబెడతారు. వీటన్నిటి మీదా నాకు మంటే, ఇప్పటికీ. కానీ ఆ కోపంలో నేను దాక్కోలేను. తెలియనివాణ్ణి బోర్డు మోసం చేస్తుంది. నాకు సంగతి తెలిసినవాడే చెప్పాడు. బతిమాలి చెప్పాడు.

వసుంధరకు ఇప్పుడు ఒక్క మాటే మిగిలింది. అదే. ఆకలేసినా "అదే". ఫ్యాను ఆపమనాలన్నా "అదే". మనం చెప్పేది అంతా అర్థమవుతుంది. యాదగిరి కాక బండిలో జరిగింది చూసిన సాక్షి ఆమె ఒక్కతే. ఆమెకు చెప్పే మాట లేదన్న ధైర్యంతోనే కదా నేను ఇన్నాళ్లు తల ఎత్తుకుని తిరిగాను? చుట్టాల ముందు, ఆమె ఎదురుగానే, డ్రైవరును తిట్టాను. ఆమె గోడవైపు చూసేది.

పోయిన వారం మోండా మార్కెట్లో ఉల్లిగడ్డ బస్తాలు దించుతున్న యాదగిరి కనిపించాడు. ముఖం తిప్పుకోబోయాను. అతను బస్తా దించి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, "అమ్మ మంచిగున్నదా సార్?" అన్నాడు. అంతే. ఎత్తిపొడుపు కాదు. అదైనా అయితే నేను బతికిపోయేవాణ్ణి. వెనక్కి తిరిగి వచ్చేశాను. దారి పొడుగునా అతని మీద మండిపడుతూనే వచ్చాను. నన్ను అడిగే హక్కు ఇతనికి ఎవరిచ్చారని. ఇంటి గుమ్మం దగ్గర ఆగి, నా ప్రశ్న నాకే మళ్లీ వినిపించింది. సిగ్గేసింది.

నిన్న పొద్దున లెటర్‌హెడ్ తీసుకుని వసుంధర ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్నాను. అంబులెన్సు యజమానికి నిజం రాస్తున్నానని చెప్పాను. మొదటి వాక్యం రాయకముందే ఆమె ఎడమ చెయ్యి చాపి ఆ కాగితాన్ని లాగేసింది. పైన అచ్చులో ఉన్న తాతగారి పేరు మీద వేలు పెట్టి పొడిచింది. ఒకసారి కాదు, కాగితం చిరిగేదాకా. తర్వాత తన పాత లెక్కల నోటుబుక్కు నా ముందుకు తోసింది.

గీతల కాగితం మీద రాశాను. బండి తిప్పమన్నది నేనే. అతను వద్దన్నాడు. ఉంటానన్నా వెళ్లగొట్టాను. కమిషను అన్నది నా కల్పన. రెండు ప్రతులు రాశాను. ఒకటి ఆఫీసుకు. ఒకటి మోండా మార్కెట్‌కు నేనే తీసుకువెళ్తాను. అతను ఏమన్నా నిలబడి వింటాను.

మొత్తం ఆమెకు చదివి వినిపించాను. ఆమె చెయ్యి చాపి రోడ్డు చూపించిన సంగతి, నేను దాన్ని కిందికి దించిన సంగతి కూడా. ఆమె "అదే" అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె ఎలా కాదంటుంది?

ఆమె ఎడమ చెయ్యి బల్ల మీద మా ఇద్దరి మధ్య ఉంది. ఈసారి నేను దాన్ని ముట్టుకోలేదు.